తోమాసా దూకిన కంచె

మిగ్దాలియా రోజూ పొద్దున్నే స్టూడియో పెరట్లో సిమెంటు తొట్టి నింపుకుని, పీట లాక్కుని బొమ్మలు కడగడానికి కూర్చునేది. కార్టూను సినిమాకి ఒక్కో కదలికకి ఒక్కో బొమ్మ చొప్పున పలచటి ప్లాస్టిక్ రేకుల మీద గీస్తారు. ఉన్నవాళ్లు వాటిని దాచుకుంటారేమో గాని, హవానాలో ఫొటో తీయగానే కడిగి మళ్లీ వాడాల్సిందే. సరుకు తెచ్చే రష్యా ఓడలు రావడం మానేశాక మరీను. ముప్పయ్యేళ్లుగా అదే ఆమె పని.

కడిగిన బొమ్మలు నీళ్లతో పాటే పోయేవి. ఆ నీళ్లు ఎక్కడ పారబోస్తే అక్కడ, తడారగానే లేచి తిరిగేవి. వీధివాళ్లకి అదో వింత కాదు.

"మిగ్దాలియా! నీ మేక మళ్లీ నా దుప్పటెక్కిందే!" అని ఎదురు మేడ మీంచి ఒనేలియా అరిచేది.

"నమలనీ అక్కా, పాపం దానికి అదొక్కటే వచ్చు."

నిజమే. ఎంత గీస్తే అంతే తెలుసు వాటికి. నమిలేట్టు గీసిన మేక నమలడమే, పరిగెత్తేట్టు గీసిన కుక్క పరిగెత్తడమే.

వాటన్నిటినీ పుట్టించింది సొరాయిదా. ఆమెకి డెబ్బయ్యొకటో ఏడు నడుస్తోంది. ఆ దీవిలో కార్టూను తీసేవాళ్లలో సగం మంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే కాబట్టి అందరికీ పంతులమ్మ. విదేశాల వాళ్లు బహుమతిగా ఇచ్చిన కప్పుల్లో ఒకదాన్ని బ్రష్షులకి వాడేది, ఇంకోదాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేది. నేర్పే మొదటి పాఠం ఒకటే: "గీత మూయండి. సందు వదిలారో, రంగు బయటికి కారిపోతుంది." మూయని గీత కనిపిస్తే రేకు మొహాన కొట్టేది.

ఆమె చివరి సినిమా తోమాసా అనే కోడిపెట్టది. పుంజు ఈల వెయ్యగానే పెట్టలన్నీ వరసలో నిలబడి గుడ్డు పెట్టాలి. తోమాసా పెట్టనంటుంది. చివర్లో కంచె దూకి పోతుంది.

కొత్తగా వచ్చిన అధికారి రిగోబెర్తో బొమ్మలన్నీ చూసి గొంతు సవరించుకున్నాడు. "చివర మార్చండి. కోడి గూట్లోకి తిరిగి రావాలి."

"రాదు."

"నీ కోడి కుయ్యకపోతే హవానాకి తెల్లారదా, పంతులమ్మా?"

"తెల్లారుతుంది. నీ పుంజు వల్ల మాత్రం కాదు."

అందరూ కిసుక్కుమన్నారు. రిగోబెర్తోకి ఒళ్లు మండింది. కోడి దూకే నలభై రేకులూ తీసి కత్తెరతో ముక్కలు చేశాడు. మిగిలినవి ఫొటో తియ్యకుండానే కడిగెయ్యమన్నాడు. పళ్లు తోముకోవడం మీద సినిమాకి రేకులు కావాలట. సొరాయిదా బల్ల దగ్గర కూర్చుని చేతులు చూసుకుంది. ఏడాదిగా అవి వణుకుతున్నాయి. ఆ నలభై మళ్లీ గియ్యడం తన వల్ల కాదని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

కడగమన్నాడు కదా, కడుగుతా అనుకుంది మిగ్దాలియా. ఎప్పుడూ చేతికొచ్చిన రేకు కడిగే మనిషి, ఈసారి మూల మీద వేసిన అంకెల ప్రకారం ఒకటి, రెండు, మూడు అంటూ వరస తప్పకుండా కడిగింది. ప్రతి బకెట్టూ మోసుకెళ్లి, రొట్టెల కొట్టు పక్కనున్న తెల్లగోడ మీద కొట్టింది. తడారేసరికి గోడ మీద సినిమా మొదలైంది.

పదకొండు రోజులు రొట్టెల వరసలో నిలబడ్డవాళ్లు ఒక్కో ముక్క చూశారు. రొట్టె అయిపోయాక కూడా జనం వస్తూ "వరసలో చివర ఎవరూ?" అని అడిగి మరీ వాళ్ల వెనక నిలబడేవాళ్లు. రిగోబెర్తో సున్నం కొట్టించాడు. తోమాసా సున్నం మీద నడిచింది.

పదకొండో రోజున కోడి కంచె దాకా వచ్చి ఆగిపోయింది. జనం వైపు చూసింది. మళ్లీ మొదటికి వెళ్లి, మళ్లీ కంచె దాకా వచ్చి ఆగింది.

"దూకవే!" అని ఒనేలియా గోల. "నీ కాళ్లకేమొచ్చిందే!"

"కాళ్లు అతను కోసేశాడు" అంది సొరాయిదా. ఎప్పుడొచ్చిందో, మిగ్దాలియా పక్కన నిలబడి ఉంది. జేబులోంచి బొగ్గుముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. "గియ్యి."

"నేనా? నాకు చెరపడమే వచ్చు పంతులమ్మా."

"ముప్పయ్యేళ్లు నా గీతలన్నీ నీ వేళ్ల కిందే పోయాయి. ఏ గీత ఎక్కడ మొదలైందో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. వణక్కు. వణకడానికి నేనున్నాను."

మిగ్దాలియా గీసింది. వంగిన మోకాలు, విచ్చిన రెక్క, కంచె మీద గోళ్లు. ఎండ నడినెత్తికొచ్చినా ఆగలేదు. వరసలో ఒక్కరూ కదల్లేదు. నలభయ్యో బొమ్మ గోడ అంచున పడింది. చెయ్యి దించాక చూసుకుంటే తోక దగ్గర వేలెడు సందు.

"అయ్యో, గీత మూయలేదు!"

సొరాయిదా వంగి చూసింది. ఆ సందు వెనకనుంచి తన నలభయ్యేళ్ల పాఠం తననే చూస్తున్నట్టనిపించింది. "ముట్టుకోకు. అలాగే ఉండనీ" అంది.

తోమాసా పరిగెత్తింది, కంచె దూకింది, గోడ అంచు దాటి కనబడకుండా పోయింది. గీసింది దాటి వెళ్లిన మొదటి బొమ్మ అదే. వీధంతా ఈలలే.

సోమవారం పొద్దున రిగోబెర్తో పెరట్లోకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబు మీద తోమాసా. గుడ్డు పెట్టకుండా తీరిగ్గా కూర్చుని ఉంది. ఇంట్లో ఉన్న ఆరు చొక్కాలూ మార్చాడట. ఏ చొక్కా వేసుకుంటే ఆ చొక్కా ఎక్కిందట.

"మిగ్దాలియా, దీన్ని కాస్త కడిగిపెట్టమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి.

తొట్టి ఎండిపోయి ఉంది. మిగ్దాలియా లోపల సొరాయిదా బల్ల దగ్గర, కిటికీ పక్కన కూర్చుని ఉంది. తలెత్తలేదు.

"నేను కడగడం మానేశాను సార్" అని, పెన్సిలు చెక్కుకుంటూ కొత్త రేకు ముందుకి లాక్కుంది.