కేకు లేని తప్పు

పైవాళ్ళు పంపిన ప్రశ్నల కాగితంలో ఏడోది ఇది: "మీ వార్డులో తప్పు జరిగితే భయం లేకుండా బయటికి చెప్పగలరా?" పక్కన ఐదు గడులు. డెన్మార్కులో ఆ చిన్న రేవు ఊరి ఆస్పత్రి కాఫీ గదిలో కూర్చుని బోడిల్ పెన్ను మూత నములుతోంది. నర్సుగా ముప్పై ఎనిమిదేళ్ళు అయిపోయాయి, ఇంకో పన్నెండు రోజులైతే ఇంటికే. ఇప్పుడా వీళ్ళు అడిగేది!

"థోరా పెద్ద నర్సుగా ఉన్నప్పుడు కాగితాల్లేవు, కేకుండేది," అంది, ఎదురుగా ఉన్న చిన్న నర్సు సిల్యెతో.

"ఏం కేకు?"

"తప్పు కేకు. ఎవరు తప్పు చేస్తే వాళ్ళు మర్నాడు కేకు చేసి తేవాలి. కోసేముందు ఏం వెలగబెట్టామో అందరి ముందూ చెప్పాలి. నా మొదటి కేకు ఎందుకో తెలుసా? రోగిని చూడ్డానికొచ్చిన బావమరిదికి చొక్కా విప్పించి ఎక్స్‌రేకి పంపేశాను. ఆ మహానుభావుడు కిక్కురుమనకుండా వెళ్ళాడు!"

"తర్వాత?"

"తర్వాతేముంది, కేకు తినడానికి అందరికన్నా ముందొచ్చాడు."

సిల్యె నవ్వుకుంటూ పనిలోకి వెళ్ళింది. బోడిల్‌కు ఆ గది నిండా యాలకుల వాసన గుర్తొచ్చింది. కత్తి పట్టుకుని "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనే థోరా గుర్తొచ్చింది. ఆ రోజులంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడు తప్పులు కంప్యూటరుకు చెప్పుకోవాలి. అది నవ్వదు, తిట్టదు.

ఈ పొద్దున బోడిల్ దానికీ చెప్పలేదు. పక్క మంచం ఆయన రక్తపోటు మాత్రను హోల్గర్ అనే రోగికి ఇచ్చింది. పది నిమిషాలకు తెలిసింది. నాలుగుసార్లు రక్తపోటు చూసింది. అది కొంచెం తగ్గి, మళ్ళీ మామూలుకొచ్చింది. ఎవరూ చూడలేదు, డాక్టరుకూ చెప్పలేదు.

నిజానికి కేకులన్నీ చిన్న తప్పులకే. థోరా రోజుల్లోనే వార్డులో ఉన్న ఆక్సెల్ విషయంలో కేకు లేదు. పడవలు చేసే మనిషి. ఒకే మాత్ర బోడిల్ రెండుసార్లు ఇవ్వడంతో కళ్ళు తిరిగి స్నానాలగదిలో పడ్డాడు. తుంటి విరిగింది, మళ్ళీ పని ముట్టలేదు. థోరా తలుపు మూసి, "దీనికి కేకొద్దు బోడిల్. ఇంటికెళ్ళి పడుకో," అంది. కన్నతల్లిలా అంది. ఆ ప్రేమను ఇన్నేళ్ళూ బోడిల్ దాచుకుంది. ఆక్సెల్ మాత్రం, "నా కాలే జారింది. నీకు పని పెంచాను, క్షమించమ్మా," అన్నాడు. పర్వాలేదంది బోడిల్. పర్వాలేదట!

నడవా అవతలి వార్డులోంచి హోల్గర్ గొంతు వినిపించింది. కూతురితో ఫోనులో మాట్లాడుతున్నాడు. "పొద్దున తల తిరిగిందే. వయసైపోయింది. నా సైకిలు అమ్మెయ్, ఇంక తొక్కను."

బోడిల్ లేచి వెళ్ళింది.

"సైకిలు అమ్మొద్దు హోల్గర్. అది వయసు కాదు. పక్కాయన మాత్ర నీకిచ్చాను. ఇచ్చి దాచాను."

అతను ఫోను మంచం మీద పడేశాడు. "పొద్దుట్నుంచీనా? ఇంక నా పని అయిపోయిందని నేనిక్కడ ఒక్కణ్ణీ కుళ్ళుతుంటే, నువ్వొచ్చి దిండు సర్ది పోయావా?"

"అవును."

అతను నోటికొచ్చినట్టు తిట్టాడు. సిల్యె గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. బోడిల్ కదల్లేదు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, క్షమించమని అడిగింది.

"డాక్టర్ని పిలిపించు," అన్నాడు హోల్గర్. "నా ముందే ఇంకోసారి చెప్పు."

సిల్యె వెళ్ళి పిలుచుకొచ్చింది. బోడిల్ ఇంకోసారి చెప్పింది.