మూడో వన్స్ మోర్

నేను ఒక లెగ్ హార్మోనియాన్ని. కాళ్లతో తొక్కితే ఊపిరి పీల్చుకుని, వేళ్లతో నొక్కితే పలికే రకం. ఈ ఆసుపత్రిలో నన్ను దింపిన రోజే ఒక ఆయా నన్ను పాత కుట్టుమిషన్ అనుకుని నా మీద తడి దుప్పటి ఆరేసింది. దాన్ని నేను పెద్ద అవమానంగా తీసుకోలేదు. మీ మనుషుల మీద నా అభిప్రాయం అంతకు నలభై ఏళ్ల ముందే ఖాయమైపోయింది. మీరంటే నాకు పడదు. ఆ సంగతి ముందే తెలిస్తే మీరు నా నుంచి తీపి మాటలు ఆశించరు.

నన్ను చేసింది బెజవాడలో సోమలింగాచారి అనే వడ్రంగి. టేకు చెక్క పెట్టె, గొర్రెతోలు తిత్తి, ఓడలో వచ్చిన, స్వరాలు పలికే ఇత్తడి రీడ్లు. ఒక్కో రీడునూ గీకి, విని, మళ్లీ గీకి, మూడు నెలలు నన్ను చిత్రవధ చేశాడు. చివరికి చేతులు దులుపుకుని, "ఇదింక చచ్చినా తప్పు పలకదు" అన్నాడు. పొగిడాడనుకున్నాను. అది శాపమని తర్వాత తెలిసింది.

ధార్వాడ నుంచి నాటక సమాజాలు తెలుగునాట దిగిన కాలంలోనే మా జాతి కూడా ఇక్కడ అడుగు పెట్టిందంటారు. ఆ తర్వాత హార్మోనియం లేని పద్యనాటకం లేదు. మాట కొంచెం, పాట కొండంత. రాజు చనిపోవాలి, కాని జనం "వన్స్ మోర్" అంటే చచ్చినవాడు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. కాదంటే జనాన్ని అవమానించినట్టు. చావును కూడా రెండోసారి అడిగి తెప్పించుకునే జనాన్ని ఏమనాలి?

నన్ను కొన్నవాడు గోవర్ధనం, తెనాలి సమాజంలో హార్మోనిస్టు. వేళ్లలో సరస్వతి, కడుపులో విషం. బీడీలు వరసగా కాల్చి నా మూత అంచు మీద ఆర్పేవాడు. ఆ నల్లమచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడండి.

ఆ సమాజంలో రాజు వేషం కట్టేది మాణిక్యం అనే ఆడమనిషి. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. మీసం అంటించుకుని, కిరీటం పెట్టుకుని, ఐదు శ్రుతిలో పద్యం ఎత్తుకుని చివరి రాగం ఒక్క ఊపిరిలో లాగేది. మా లెక్కలో శ్రుతికి అంకెలుంటాయి. అంకె పెరిగినకొద్దీ గొంతు పైకెక్కాలి. ఐదు అంటేనే చాలామందికి కళ్లు తేలేసే ఎత్తు. ఆమె ఆ ఎత్తున నిలబడి రాగం తిప్పుతుంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్లు తమ ఊపిరి కూడా బిగబట్టేవారు.

ఆ రాగం కింద గాలి నాది. దండలు మాత్రం ఆమెవి. మెడ నిండిపోయాక మిగిలినవి తెచ్చి నా మీద పడేసేవారు, నేనేదో మేకునైనట్టు. నాకు కోపం వచ్చేది. గోవర్ధనానికి నాకన్నా ఎక్కువ వచ్చేది.

పందొమ్మిది వందల డెబ్భై నాలుగులో ఒక నాటక పరిషత్తు పోటీలు జరిగాయి. మా వంతు మధ్యాహ్నం పడింది. రేకుల పందిరి కింద జనం ఉడికిపోతున్నారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలో నిలబడి పాడే పద్యం. మాణిక్యం పాడింది. "వన్స్ మోర్!" మళ్లీ పాడింది. "వన్స్ మోర్!" అని పందిరి ఎగిరిపోయేలా అరిచారు. ఆ గోలలో గోవర్ధనం వేళ్లు ఐదు మీద నుంచి ఆరు మీదికి జరిగాయి. గాయకులు శ్రుతి తీసుకునేది మా నుంచే. నేను ఆరు ఇచ్చాను. ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, నిండుగా ఇచ్చాను. నిజం చెప్పాలంటే సంతోషంగా ఇచ్చాను.

ఆమె ఒక్క క్షణం మా వైపు చూసింది. తర్వాత అందుకుంది. పై స్థాయిలో రాగం సగం దాకా వెళ్లి గొంతు చిరిగింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. జనం ఎగతాళిగా ఈలలేశారు. రెండు నిమిషాల క్రితం వన్స్ మోర్ అన్న నోళ్లే అవి. ఆమె గొంతుని ఆ తర్వాత జీర వదల్లేదు. ఏడాది తిరక్కుండా వేషాలు మానేసింది. పొగరెక్కి శ్రుతి తప్పింది అని ఊరూరా చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో మొదటివాడు గోవర్ధనం.

తర్వాత సినిమాలొచ్చి సమాజాన్ని మింగాయి, టీవీలొచ్చి మిగిలిన ఎముకలు చప్పరించాయి. నేను గోవర్ధనం మంచం పక్కన ఎలుకలకు కాపురమిచ్చాను. ఆయన బీడీలు మానలేదు. డెబ్భై మూడేళ్లకు బీడీలు ఆయన్ని ఛాతీ ఆసుపత్రి వార్డులో పడేశాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే కునుకు తీయాలి. ఎవరినీ జాలిపడమని అడగడం లేదు, నేనూ పడలేదు.

అక్కడి డాక్టర్ ఫర్హానా వయసులో చిన్నది, పట్టులో మొండిది. ఊపిరి జబ్బులవాళ్లకి మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ బొమ్మ ఇస్తారు. గొట్టంలోంచి గాలి పీల్చి ఆ బంతుల్ని పైకి లేపాలి. గోవర్ధనం ఒక్క బంతినీ కదిలించలేకపోయాడు. ఆమె ఎక్కడో చదివిందట. దూరదేశాల్లో ఒపేరా పాడేవాళ్లు ఆయాసం రోగులకి పాట నేర్పి, ఊపిరిని అదుపులో పెట్టుకోవడం అలవాటు చేస్తున్నారట.

"మందులు మానమని కాదు తాతగారూ, మందులతో పాటు ఇది. మనకీ ఒపేరా ఉందిగా, పద్యనాటకం! మంగళవారం, శుక్రవారం వార్డు హాల్లో అందరం పాడదాం. మీ హార్మోనియం తెప్పిస్తాను. ఒక్క ఊపిరితో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు రాగం తీశారంటే మిమ్మల్ని ఇంటికి పంపిస్తా. లేకపోతే ఈ ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉండాలి మరి."

అలా నన్ను ఆసుపత్రి వ్యానులో తెచ్చారు. చిరిగిన నా తిత్తికి నర్సులు ప్లాస్టర్ అంటించారు. ఆ మూడు బంతుల బొమ్మను తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఓర్చుకున్నాను. పాట నేర్పడానికి డాక్టరు పిలిపించిన మనిషిని చూశాక మాత్రం నా రీడ్లు బిగుసుకున్నాయి. తెల్లచీర, తెల్లజుట్టు, జీరగొంతు. మాణిక్యం.

గోవర్ధనం తల దించుకున్నాడు. నన్ను తొక్కే సత్తువ ఆయనకి లేదు కాబట్టి ఆమే నా ముందు కూర్చుంది. నా జన్మలో మొదటిసారి శ్రుతి ఆమె చేతిలో ఉంది, పాడాల్సింది ఆయన. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా? ఆరు నొక్కు తల్లీ, అని మనసులో అరిచాను. నిండుగా ఇస్తాను, వాడి గొంతూ చిరగనీ, ఈ వార్డంతా చూడనీ.

ఆమె వేలు ఆరు దాకా వెళ్లింది. ఒకసారి మెల్లగా నొక్కింది. గోవర్ధనం ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆమె చెయ్యి కిందికి జరిపి ఒకటి మీద పెట్టింది. ఒకటి! అన్నిటికన్నా కింది శ్రుతి. నాకు ఒళ్లు మండిపోయింది.

"మాణిక్యం, ఆ రోజు ఆరు ఇచ్చింది నేనే" అన్నాడు గోవర్ధనం. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

"తెలుసు మాస్టారూ. ఐదుకీ ఆరుకీ తేడా తెలీకుండానే రాజు వేషం కట్టానా?"

"తెలిసీ ఎందుకు ఎత్తుకున్నావు?"

"ఆపితే జనం ఊరుకుంటారా? అందుకుంటానేమోనన్న పొగరు కూడా ఉండింది నాకు. అది సరే గాని, పాడండి. ముక్కుతో నిదానంగా తీసుకోండి, భుజాలు ఎగరెయ్యొద్దు."

మొదటి వారం ఆయన రాగం మూడు అంకెలకే తెగింది. రెండో వారం ఐదు. పలకరాయి క్వారీ దుమ్ము మింగి మంచాన పడ్డ అంజిరెడ్డి అనే రోగి గోడకి ఆనుకుని అంకెలు లెక్కపెట్టేవాడు. ఆమె ఎప్పుడూ మెచ్చుకోలేదు, కసరలేదు. గాలి ఎక్కడ దాచుకోవాలో, ఎంత పిసినారితనంగా ఖర్చు పెట్టాలో తన పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించేది. నేను ప్లాస్టర్ సందుల్లోంచి కావాలని గాలి వదిలాను. ఆమె ఇంకా గట్టిగా తొక్కింది.

ఐదో వారం, ఒక శుక్రవారం, గోవర్ధనం ఆ అడవి పద్యమే ఎత్తుకున్నాడు. సన్నగా, వణుకుతూ, ఒకటి శ్రుతిలో. చివర రాగం తీశాడు. "ఎనిమిది... తొమ్మిది... పది... పదకొండూ!" అని అంజిరెడ్డి గావుకేక పెట్టాడు. ఫర్హానా చప్పట్లు కొట్టింది. మంచాల మీద ఉన్నవాళ్లు దగ్గుతూనే చప్పట్లు కొట్టారు. డెబ్భై మూడేళ్ల జీవితంలో ఆ మనిషి కోసమే పడ్డ మొదటి చప్పట్లు అవి. అంజిరెడ్డికి పూనకం వచ్చింది.

"వన్స్ మోర్ సామీ! ఇంకొక్క తూరి! వన్స్ మోర్!"

హాలంతా అందుకుంది. గోవర్ధనం నోరు తెరిచాడు. గాలి లేదు. మంచం పట్టె పట్టుకుని మాణిక్యం వైపు చూశాడు.

"నా వల్ల కాదమ్మా."

ఆమె తొక్కడం ఆపింది. "మీ వల్ల కాకపోతే మానుకోవచ్చు మాస్టారూ" అంది. "ఆ రోజు నాకు ఆ వీలు లేదు."

ఆయన రెండు చేతులూ జోడించాడు. జనానికి కాదు. ఆమె చూసింది, నా మూత వేసింది, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

సోమవారం గోవర్ధనం ఇంటికెళ్లాడు. నన్ను ఇక్కడే వదిలేశాడు, మంచిదయింది. ఆమె ఇప్పటికీ మంగళవారం, శుక్రవారం వస్తుంది. వచ్చినవాళ్లకి ఒకటి శ్రుతే ఇస్తుంది. కాని కూర్చోగానే, ఎవరూ మొదలుపెట్టక ముందే, ఒకసారి ఆరు మెల్లగా నొక్కి వింటుంది. ఆ ఒక్క మెట్టు మూగబోతే బాగుండునని, బొంగురుగానైనా పలికితే బాగుండునని నేను ప్రతిసారీ అనుకుంటాను. అది ఆనాడు పలికినట్టే, నిండుగా, తప్పు లేకుండా పలుకుతుంది.