పులుపు లేని ఇల్లు

విమలమ్మ మొగుడు సదాశివ తాగడు, జూదమాడడు, పరాయి ఆడవాళ్ల వంక చూడడు. అలాంటి మనిషి మీద ఎవరితోనైనా చెప్పుకోవాలంటే ఆమెకు ఒక్క నేరమే దొరికేది. ఇంట్లోంచి చింతపండును వెళ్లగొట్టాడు. బోయిగూడ మొత్తంలో ఏడాదిగా చారు వాసన రాని ఇల్లు వాళ్లదొక్కటే.

రైల్వే వర్క్‌షాపులో సమ్మెట పని చేసి వచ్చి అతను ఇంటి వెనక కుస్తీ నేర్పే తాలీం నడుపుతాడు. పులుపు తింటే నరాలు సడలుతాయనీ, జామకాయా అరటిపండూ ఆకుకూరా చలువ చేసి కండ కరిగిస్తాయనీ, కసరత్తు మధ్య నీళ్లు తాగితే దమ్ము పోతుందనీ అతని ఉస్తాద్ చెప్పిపోయాడు. ఉస్తాద్ బాదంపాలు తాగేవాడు. ఇక్కడి శిష్యులకు దక్కేది జొన్నరొట్టె, పలచటి పాలు. నియమాలు మాత్రం అవే.

రజాకార్ల భయం ముదిరినప్పుడు బస్తీ కాపలాకని తాలీం జోరందుకుంది. తీరా యూనియన్ సైన్యం అయిదు రోజుల్లో పని ముగించేసింది. తయారైన పహిల్వాన్లను ఏం చెయ్యాలో తోచక సదాశివ రెజిమెంటల్ బజార్లో కుస్తీకి ఒప్పుకున్నాడు. దిగేది విమలమ్మ తమ్ముడు పర్వతాలు. తెల్లవారకముందే వెయ్యి దండీలు తీసి, ఆపైన గూడ్సు షెడ్డులో బస్తాలు మోసి రోజుకు రూపాయి పావలా తెచ్చే మనిషి. ఒళ్లే అతని ఆస్తి.

కుస్తీ నాటి పొద్దున రోజూలాగే సదాశివ శిష్యులను వరసగా నిలబెట్టి, నోళ్లు తెరిపించి వాసన చూశాడు. పర్వతాలు దగ్గర ఆగాడు.

"నిమ్మకాయ. ఎవలిచ్చిన్రు?"

"నేనే ఇచ్చిన," అంది విమలమ్మ గడపలోంచి. "చిగుళ్లు చూసినవా? నెత్తురు కారుతున్నది."

"నెత్తురు పొంగుతున్నది. తాకతంటే గదే."

బెత్తం పర్వతాలు తొడల మీద ఆరుసార్లు పడింది. అప్పటికే అక్కడ నల్లటి మచ్చలున్నాయి.

"బావా, జెర నీళ్లు," అన్నాడు పర్వతాలు.

"గెలిచి తాగు."

సాయంత్రం కుస్తీ మొదలైన కాసేపటికే పర్వతాలు పిక్కలు రెండూ రాళ్లలా బిగుసుకున్నాయి. అవతలివాడు ఎత్తి నేలకేసి కొట్టాడు. పక్కటెముక విరిగిన చప్పుడు ఆడవాళ్ల వరసదాకా వినిపించింది. పడినవాడు కదలకపోయేసరికి కొట్టినవాడే భయపడి చేతులు వదిలేశాడు. సదాశివ మట్టిలోకి దూకాడు.

"నాటకాలాడుతున్నవా? లే!"

చెంప మీద కొట్టాడు. ఆ చెయ్యి అంతకంటే గట్టిగా కొట్టడం విమలమ్మ చాలాసార్లు చూసింది. కానీ ఈసారి రెండు దంతాలు కుదుళ్లతో సహా ఎర్రమట్టిలో రాలాయి. నోట్లోంచి నెత్తురు ఆగకుండా కారింది.

ఇంటికి మోసుకొచ్చాక పక్కింటి మేబెల్ వచ్చింది. మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. వారం కింద కుళాయి దగ్గర పర్వతాలు తొడల మీది ఆ మచ్చలు చూసి, తమ్ముడికి నిమ్మరసం పట్టమని విమలమ్మకు చెప్పింది ఆమే. ఇప్పుడు పర్వతాలు నోరు తెరిచి దీపం దగ్గర పెట్టి చూసింది.

"మీ దెబ్బకి ఊడినవి కావండీ, సదాశివ గారూ. ఎప్పుడో వదులైపోయాయి. సి విటమిన్ అందక చిగుళ్లు పాడయ్యాయి, తొడల మీది మచ్చలూ అందుకే. ఇంత కసరత్తు చేసేవాడికి అది ఇంకా ఎక్కువ కావాలి. అరటిపండూ ఆకుకూరా తిననివ్వరు, ఇక పొటాషియమనే లవణం ఒంట్లో ఎక్కణ్ణించి వస్తుంది? కొంత చెమటతోనూ పోతుంది. అది తగ్గితే కండలు పట్టేస్తాయి, గుండె తడబడుతుంది. పైగా నీళ్లు కూడా లేవాయె. ఇంకో నెల ఇలాగే చేయిస్తే మనిషి దక్కడు."

"మా ఉస్తాద్ గిట్లనే పెరిగిండు," అన్నాడు సదాశివ.

విమలమ్మ తమ్ముడి ముఖం తుడుస్తూనే అడిగింది. "సచ్చేనాటికి నీ ఉస్తాద్ నోట్లె పన్ను ఒక్కటన్న ఉండెనా?"

సదాశివకు అప్పుడు గుర్తొచ్చింది. నలభై ఏళ్లకే ఉస్తాద్ రొట్టెను బాదంపాలలో నానబెట్టుకునేవాడు. అది పహిల్వాన్ దర్జా అనుకున్నారు అందరూ.

తెల్లవారింది. అలవాటు కొద్దీ నలుగురు శిష్యులు వచ్చి వాకిట్లో నోళ్లు తెరిచి నిలబడ్డారు. నలుగురి చిగుళ్లూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సదాశివ వాసన చూడలేదు. లోపలికెళ్లి లోటాలో నిమ్మకాయ పిండిన నీళ్లు తెచ్చి మంచం దగ్గర కూర్చున్నాడు. పర్వతాలు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"అక్క ఇస్తే తాగుత. నీ చేతితోని వద్దు."

లోటా సదాశివ చేతిలోనే ఉండిపోయింది. వాకిట్లో నలుగురూ నోళ్లు మూసి వింటున్నారు.

"నీ నోట్లె నెత్తురు చూసి ఖుష్ అయిన," అన్నాడు, వాళ్లందరికీ వినపడేలా. "తప్పు నాదే, పర్వతాలూ."