అందగాడికి పెట్టిన అంటు

విత్తన దుంపల వ్యాపారికి కళ్ళే తక్కెడ. బంగాళాదుంపను అరచేతిలో దొర్లించి, బొటనవేలితో నొక్కి, ఇది నిలిచే సరుకో నీరు కారే సరుకో తేల్చేసేవాడు. అందుకే ఆయన కొట్టుకు వచ్చిన రైతులు సంచి మూతి విప్పి చూసేవారు కాదు. ఆయన మాటే చాలు. అంతకు మించిన పెట్టుబడి లేదని, అదొక్కసారి పోతే మళ్ళీ ఏ సంతలోనూ దొరకదని ఆయనకు బాగా తెలుసు. తెలిసీ దాన్ని ఒక మొక్క మీద పెట్టేశాడు.

అందరూ మెచ్చే పాత పసుపు రకానికి కొన్నేళ్ళుగా వైరస్ తగులుతోంది. పేనుబంక అనే చిన్న పురుగు రోగమున్న మొక్క రసం పీల్చి, దాన్ని మోసుకెళ్ళి ఇంకోదాని మీద వాలుతుంది. ఆకులు దోనెల్లా ముడుచుకుంటాయి, దుంపలు గోళీకాయలంత అయి ఆగిపోతాయి. నాటేది దుంపనే కాబట్టి తల్లి రోగం పిల్లకూ తప్పదు.

ఆయన కోడలు దుంపల పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. వైరస్‌ను అడ్డుకునే జన్యువున్న మొండి రకం ఒకటి తెచ్చి, దాని పుప్పొడిని పసుపు రకం పూలకు అద్ది, వచ్చిన గింజలతో నారు పోసింది. ఆ జన్యువు ఏ మొక్కకు దిగిందో కంటికి కనపడదు. అందుకని చిటికెడు ఆకు తుంచి, జన్యువుకు చెరోపక్కా ఉండే గుర్తుల కోసం వెతుకుతుంది. వాటినే మార్కర్లంటారు.

"గుర్తంటే జన్యువు కాదు మావయ్యా, కొట్టు పక్కన బోర్డులాంటిది," అని ముందే చెప్పింది. "ఒక్కోసారి బోర్డు మిగిలిపోతుంది, కొట్టు ఎత్తేసి ఉంటారు. అందుకే రెండువైపులా చూడాలి."

నారులో ఒక మొక్క దుంపలు నున్నగా, తొక్క పలచగా, మొలకలొచ్చే కళ్ళు పైపైనే ఉండి ముచ్చటగా ఉన్నాయి. మామగారు దానికి అందగాడని పేరు పెట్టాడు.

"వీడికి ఒకవైపు గుర్తు కనపడిందన్నావుగా?"

"కనపడింది. రెండోవైపు పరీక్ష ఇంకా చేయలేదు."

"అయితే సగం పెళ్ళి అయినట్టే."

"సగం పెళ్ళంటూ ఉండదు మావయ్యా."

ఆయన ఆగలేదు. వచ్చే నాట్లకు రోగం రాని కొత్త రకం తన కొట్టులోనే దొరుకుతుందని రైతులకు చెప్పేశాడు. ఆ సంగతి విని ఆయన భార్య, "దూడ పుట్టకముందే పాలగిన్నె తోముకున్నట్టుంది," అని ఊరుకుంది.

రెండోవైపు గుర్తు లేదని తేలింది. అంటే జన్యువు ఉండనూ వచ్చు, పోనూ వచ్చు. ఇక మిగిలింది ఒక్కటే దారి. వైరస్ ఎక్కుతుందో లేదో చూడటానికి కోడలు అందగాడి కొమ్మ నాటి పెంచిన మొక్కకు రోగం ముదిరిన కొమ్మను అంటు కట్టింది. రెండు గుర్తులూ ఉన్న మరో మొక్కకూ అలాగే కట్టింది. దాని దుంపలు బొడిపెలు బొడిపెలుగా, కళ్ళు లోతుగా ఉంటాయి. దాన్ని గుంటకళ్ళవాడు అనేవారు.

"జ్వరం వచ్చినవాణ్ణి తెచ్చి బిడ్డ పక్కలో పడుకోబెడతావేమ్మా," అన్నాడు మామగారు.

"పొలంలో పేనుబంక మిమ్మల్ని అడిగి వాలుతుందా?"

కొన్ని వారాలకు అందగాడి కొత్త చిగుళ్ళు ముడుచుకున్నాయి. గుంటకళ్ళవాడు మాత్రం పచ్చగా, నిటారుగా ఉన్నాడు.

ఆయన కేంద్రంలో ఆ మొక్కలను ఉంచిన వలపందిరి బయట స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుని అందగాణ్ణే అమ్మితే ఈ ఏడు గడుస్తుంది. పై ఏడు పొలాలే నోరు విప్పుతాయి. చివరికి లేచి, "ఆ రెండు కుండీలూ ఇవ్వు. కొట్టులో పెడతాను," అన్నాడు.

"రోగమున్న కుండీ గడప దాటదు. కావాలంటే వాళ్ళనే ఇక్కడికి రమ్మనండి."

రమ్మన్నాడు. రైతులు వల బయట వరసగా నిలబడి లోపలికి చూశారు. వాళ్ళలో ఒక పొడుగాయన ఉన్నాడు, ఎప్పుడూ అందరికంటే ముందు మాట్లాడేది ఆయనే.

"ఏం బావా, కంటికి శుక్లాలు వచ్చాయా?"

"కన్ను బాగానే ఉంది. పరీక్ష పూర్తి కాకుండానే నోరు జారాను. అందగాడు పనికిరాడు. ఈసారి మీకిచ్చే కొత్త విత్తనం నా దగ్గర లేదు."

పొడుగాయన గడ్డం గోక్కుని, "మరి ఆ పక్కవాడు?" అన్నాడు.

"తొక్క తీసేసరికి సగం దుంప పోతుంది. మీ ఆవిడ నిన్నే తిడుతుంది. వాణ్ణి మళ్ళీ పసుపు రకంతో కలపాలి. ఏళ్ళు పడుతుంది."

"అంతదాకా మేమేం నాటాలి?"

"పాత రకమే. మా కోడలు పరీక్షించి, రోగం లేదన్న పొలం సరుకే ఇస్తాను. తక్కువే ఉంది, అందరికీ సరిపోదు."

ఇద్దరు తలలు అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు ఇంకో కొట్టు చూసుకుంటారని ఆయనకు అర్థమైంది. పిలవలేదు. పొడుగాయన మాత్రం కదల్లేదు.

"నాకు ఆ పరీక్షించిన సరుకే పంపు. కొత్తది వచ్చిన ఏడు మొదటి సంచి నాది."

"ఏ ఏడో చెప్పలేను."

"చెప్పకు. చెప్పబట్టేగా ఈ తంటా."

మిగిలినవాళ్ళు నవ్వారు. వ్యాపారి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.