పిల్లమ్మ విప్పిన సంచి

ఆ ఉదయం సుగటూరులో ఓబలప్ప ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పట్టుపురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. పాత చర్మం విడిచే ముందు పురుగు మేత మాని, తల పైకెత్తి, ఒక రోజంతా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే అక్కడివాళ్ళు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగును ముట్టరు, ఆకు వేయరు, తట్ట కదిలించరు. పురుగుల ఇంటి తలుపు కూడా చప్పుడు కాకుండా మూస్తారు.

ఆ నిశ్శబ్దంలో నడవలో కూర్చుని పిల్లమ్మ కోడలి సంచి సర్దుతోంది. తువ్వాలు, దువ్వెన, మాత్రల చీటీ, ఊరగాయ సీసా, మూడు చీరలు. కోడలు మునిలక్ష్మి పక్కనే నిలబడి ఉంది. ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని నిలబడటం ఆమెకు రెండేళ్ళుగా అలవాటైపోయింది. జడ వేసుకోవడం ఎప్పుడో మానేసింది. ఒంటి చేత్తో ముడి చుట్టుకుంటుంది.

"ఆ పచ్చ చీర దండెం మీదనే ఉండాది గదత్తా. అదీ పెట్టు," అంది.

"అది ఉండనీ."

"పద్నాలుగు దినాలకు మూడు చీరలు యాడ చాల్తాయి?"

"ఉతుక్కో. అది ఉండనీ అంటే ఉండనీ."

మునిలక్ష్మికి కారణం తెలియదు. పిల్లమ్మ చెప్పలేదు. ఎవరైనా సంచి సర్దుతుంటేనే ఆమెకు భయం. సంతకు పోయే సంచి అయినా సరే, పోయినవాళ్ళు మలుపు తిరిగి కనిపించేదాకా వాకిట్లోనే నిలబడుతుంది.

ఓబలప్ప గుమ్మంలో నుంచి తొంగి చూశాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు, పురుగుల కోసం.

"కండ్లకు పెట్టె కట్టుకొని సినిమా చూస్తే భుజం బాగవుతుందంట. ఊర్లో టెంటు ఉన్నప్పుడు నేను చూసిన సినిమాలకు నా మోకాళ్ళు ఎప్పుడో బాగుపడి ఉండల్ల."

"డాక్టరమ్మ రమ్మనింది. పోతా ఉండాము," అంది పిల్లమ్మ.

"నాలుగో జ్వరం లేచే పొద్దుకు ఇంట్లో ఉండల్ల. అంతే."

చదువుతున్న మీకు ఆ ఇంటి పని తీరు చెప్పాలి. పురుగుల ఇంట్లో తట్టలు పెట్టే స్టాండ్లుంటాయి. కింది తట్టకు వంగాలి, పై తట్టకు తల మీదుగా చేతులు చాచాలి. ప్రతి మేతకూ ఒక్కొక్క తట్టనూ దించి, ఆకు వేసి, మళ్ళీ ఎక్కించాలి. రోజుకు నాలుగైదు మేతలు. తోటలో ఆకు కోత మగవాళ్ళది, తట్ట ఎత్తడం ఆడవాళ్ళది. ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు. ఆ పని నలభై ఏళ్ళకు పైగా పిల్లమ్మ చేసింది, ఇరవై రెండేళ్ళు మునిలక్ష్మి చేసింది. తట్టల్లో పరిచే పాత పేపర్లు చూసి చూసి పిల్లమ్మ తనంతట తానే అక్షరాలు నేర్చుకుంది. ఆ పని ఆమెకిచ్చిన మేలు అదొక్కటే.

మునిలక్ష్మి భుజం పట్టేసినప్పుడు మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఎక్స్‌రే తీశారు. ఎముక బాగుందన్నారు. ఆ బాగుందన్న మాటే ఆమెకు శత్రువైంది. కనపడని నొప్పిని ఇంట్లో ఎవరు నమ్ముతారు? "సోమరితనం" అన్న మాట మొదట అన్నది మామ కాదు, మొగుడు కాదు. పిల్లమ్మే.

కోలారు ఆసుపత్రిలో వ్యాయామ చికిత్స చేసే డాక్టరు వత్సల కేజీఎఫ్ బంగారు గనుల ఊరి పిల్ల. వాళ్ళ తాత అక్కడి కోరమండల్‌లో గని ఆఫీసు గుమస్తా. డ్రిల్లు పట్టిన కూలీల భుజాల కథలు వింటూ పెరిగానని చెప్పింది. రోజూ ఇంటి నుంచి వచ్చిపోతామంటే ఆమె ఒప్పుకోలేదు. "సాయంత్రం ఇంటికి పోతే మళ్ళీ తట్ట ఎత్తుతారు. నాకు తెలుసు," అంది. ఆడవాళ్ళ వార్డులో మునిలక్ష్మికి ఒక మంచం ఇచ్చింది, పిల్లమ్మను తోడుండమంది.

మొదటి రోజు ఒక కాగితం ఇచ్చారు. పిల్లమ్మ దాన్ని కూడబలుక్కుని చదివింది. "ఈ రోజు నొప్పి ఎంత? సున్న నుంచి పది దాకా గుర్తు పెట్టండి." చదివి చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఎంత మా?" అని కోడల్ని అడిగింది, మెల్లగా.

మునిలక్ష్మి అత్త ముఖం వైపు చూసి, ఎనిమిది మీద వేలు పెట్టింది.

కళ్ళకు కట్టే ఆ పెట్టె నల్లగా, బరువైన కళ్ళద్దంలా ఉంది. తలకు కట్టి, రెండు చేతుల్లో చెరొక పిడి ఇచ్చారు. లోపల మునిలక్ష్మికి ఒక మామిడితోట కనిపించింది. ఎటు తల తిప్పినా తోటే. కొమ్మకు కాయలు, కాలి దగ్గర బుట్ట. చెయ్యి చాచి కాయ తెంపాలి, బుట్టలో వేయాలి. మొదట నడుము ఎత్తు కాయలు. గట్టుమీద కోయిల కూస్తే అటు తిరిగేది. గాలికి ఆకులు కదిలితే నవ్వేది. ఆమె తోటలో మునిగి ఉండగా డాక్టరు రోజుకు కొంచెంగా కొమ్మను పైకి జరిపేది. పెట్టె తీశాక అరగంట కట్టెతోనూ తాడుతోనూ మామూలు వ్యాయామం. అప్పుడు నొప్పి ఉండేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"ఇది అందరికీ పనిచెయ్యదు. కొందరికి బాగా పనిచేస్తుంది," అని వత్సల ముందే చెప్పింది. "పెట్టె ఒక్కటే చాలదు. వ్యాయామం కావాలి, విశ్రాంతి కావాలి."

ఆరో రోజు మునిలక్ష్మి తలంత ఎత్తున్న కొమ్మ మీది కాయ తెంపింది. ఆమె చెయ్యి చెవిని దాటింది. ఆ రోజే చూడటానికి వచ్చిన ఆమె మొగుడు మోహన్‌కుమార్ అది ఫోనులో వీడియో తీశాడు. పెళ్ళాం చెయ్యి లేచిందన్న సంతోషంతోనే తీశాడు. సంతోషంతోనే ఇంటికి పోయి తండ్రికి చూపించాడు. తప్పు అక్కడే జరిగింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. ముఖంలో నిన్నటి సంతోషం లేదు.

"సంచి సర్దు, లక్ష్మీ. పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఇన్ని దినాలు పక్కింటోళ్ళు సాయం పట్టినారు, ఇంగ వాళ్ళకూ కుదరదు. ఇంగ అవి ఎంత తింటాయో నీకు తెల్సు గదా. నాయన తీసుకురమ్మన్నాడు."

"ఇంకా ఏడు దినాలుండాయి," అంది మునిలక్ష్మి.

"చెయ్యి లేస్తా ఉండాది గదా. నేనే చూసినాను. మామిడికాయ తెంపే చెయ్యి తట్ట ఎత్తదా? నాయన ఏమన్నాడో తెల్సా? రెండేండ్లు మనకు చూపించిందే సినిమా, పెట్టెలోది కాదు అన్నాడు."

మునిలక్ష్మి మంచం కింద నుంచి సంచి లాగి, ఎడమ చేత్తో చీరలు పెట్టడం మొదలుపెట్టింది. కుడి చేతిని ఒడిలో దాచుకుంది, తప్పు చేసిన చేతిని దాచుకున్నట్టు.

పిల్లమ్మ ఆ ఎడమ చేతినే చూసింది. జీవితంలో మొగుడి మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. అయినా లేచి, కోడలి చేతిలోంచి సంచి లాక్కుని, మంచం మీద బోర్లించింది. ఊరగాయ సీసా దొర్లింది. ఖాళీ సంచిని కింద వేసుకుని దాని మీద కూర్చుంది.

"నా కోడలు రాదు. పో."

"అమ్మా, చూసినోళ్ళు నవ్వుతారు, లెయ్యి."

"నవ్వనీ. మీ పెద్దమ్మ, మా అక్క అక్కయమ్మ సంచి కూడా నేనే సర్దినాను. ఆమె చెయ్యి కూడా ఇట్లే పట్టుకుపోయింది, ఆ తట్టలకే. ఒక నెల పుట్టింట్లో కట్టు కట్టించుకొని రానీ అన్నారు. కోరమండల్‌లో మా అన్న ఇంటికి పంపినారు. నెలకు ఇబ్బంది పడకూడదని ఆమెకు ఉండే చీరలన్నీ పెట్టేసినాను. మన ఇంట్లో ఆమెది అని చెప్పుకునేదానికి ఒక గుడ్డ మిగల్లేదు. రెండు నెలలకు మీ పెద్దనాయన ఇంకొకామెను తెచ్చుకున్నాడు. తట్ట ఎత్తే చేతులు కావాల్సి వచ్చినాయి."

మోహన్‌కుమార్ తల దించుకున్నాడు. పెద్దమ్మ సంగతి అతనికి పైపైనే తెలుసు. సంచి సంగతి తెలియదు.

అప్పటికి వత్సల వచ్చింది. ఎవరినీ కసరలేదు. బల్ల మీది నీళ్ళ సీసా తీసి మోహన్‌కుమార్ చేతికిచ్చింది.

"దీన్ని పట్టుకుని చెయ్యి తల పైకి ఎత్తి ఉంచండి, అప్పా. నేను చాలు అనేదాకా."

అతను నవ్వుతూ ఎత్తాడు. కాసేపటికి నవ్వు పోయింది. ఇంకాసేపటికి చెయ్యి దించేశాడు.

"ఏమయింది?"

"భుజం లాగుతా ఉండాది మేడం."

"ఆ లాగడం నాకు కనిపించలేదు. మీరు చెప్పినారు, నేను నమ్మినాను," అంది వత్సల. "ఆమె రెండేళ్ళుగా చెప్తా ఉంది. ఇన్నాళ్ళు నొప్పి పడిన భుజానికి మెదడు కాపలా కాస్తుంది. చెయ్యి కొంచెం కదిలినా ప్రమాదం అని కేకేస్తుంది. ఆ కేకే నొప్పి. అది అబద్ధం కాదు. తోట చూసేటప్పుడు ఆ కాపలా కాస్త సడలుతుంది. అప్పుడు లేచిన చెయ్యి, లేచినా ఏమీ కాదని నేర్చుకుంటుంది. ఈ నేర్చుకోవడం సగంలో ఉంది. ఇప్పుడు పోయి తట్ట ఎత్తితే ఇంకా గట్టిగా కేకేస్తుంది."

పిల్లమ్మ నొప్పి కాగితం తీసి కొడుకు ముందు పెట్టింది. ఎనిమిది, ఎనిమిది, ఏడు, ఏడు, ఆరు, అయిదు.

"చదువు. నాకే చదివేదానికి వచ్చినప్పుడు నీకు రాదా?"

మోహన్‌కుమార్ ఇంటికి ఫోను కలిపాడు. మాట్లాడే ధైర్యం లేక తల్లికిచ్చాడు.

"మేము రాము," అంది పిల్లమ్మ.

"తట్టలు ఎవరు ఎత్తుతారు?" అన్నాడు ఓబలప్ప అవతల నుంచి.

"నువ్వు ఎత్తు. వాడు ఎత్తుతాడు."

"నాకు అరవై ఎనిమిది."

"నాకు అరవై అయిదు. పోయిన వారం దాకా ఎత్తినాను. నువ్వు చూసినావా? పురుగుకు జ్వరమొస్తే తలుపు చప్పుడు కానీయవు. నలభై ఏండ్ల పైన చూసినాను. ఆ ఇంట్లో ఆడదాని భుజానికి ఒక్క దినమన్నా జ్వరం ఇచ్చినావా? నేనూ ఇయ్యలేదు. నేనే దాన్ని సోమరి అన్నాను. ఆ తప్పు నాది. ఇంగ చెయ్యను."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

ఆ ఏడు రోజులూ తండ్రీకొడుకులే తట్టలు ఎత్తారు. మేతలు ఆలస్యమయ్యాయి. ఆ పంట పట్టుగూళ్ళు కాస్త పలచగానే దిగాయి. మూడో రోజుకే ఓబలప్ప భుజానికి నూనె రాయించుకుంటున్నాడని పక్కింటివాళ్ళు ఫోనులో చెప్పి నవ్వారు. "మామకు కూడా ఒక పెట్టె తెచ్చేదా?" అంది మునిలక్ష్మి. రెండేళ్ళ తర్వాత అత్తాకోడళ్ళు కలిసి నవ్వింది అప్పుడే.

పదిహేనో రోజు బస్సు దిగి ఇంటికి వచ్చారు. మునిలక్ష్మి సంచి కింద పెట్టి, నేరుగా దండెం దగ్గరకు పోయింది. దండెం తలకంటే ఎత్తులో ఉంది. కుడి చెయ్యి మెల్లగా లేచింది. సగంలో ఆగింది, వణికింది, మళ్ళీ లేచింది. పచ్చ చీర కిందికి జారింది.

"ఎంత?" అంది పిల్లమ్మ.

"మూడు, అత్తా."

పురుగుల ఇంట్లో స్టాండ్లు పొట్టిగా కనిపించాయి. నడుము ఎత్తు దాటిన అరలన్నీ వడ్రంగి చేత తీయించి, పక్కన కొత్త స్టాండు వేయించాడు ఓబలప్ప. "నా భుజం కోసం వేయించినాను, ఎవరి కోసమూ కాదు," అన్నాడు. పిల్లమ్మ సరేనంది.

ఆ నెలాఖరులో మహిళా సంఘం వాళ్ళు వత్సలను ఊరికి పిలిచారు. వచ్చినావిడ తను మాట్లాడకుండా పిల్లమ్మను లేపింది. పిల్లమ్మ కొంగు చుట్టుకుంటూ నిలబడింది.

"నేను చదివినదాన్ని కాదు. ఒకటే చెప్తాను. నొప్పి కంటికి కనపడదు. కనపడనంత మాత్రాన అబద్ధం కాదు. మీ ఇంట్లో ఆడది నొప్పి అంటే ఎక్స్‌రేను అడగొద్దండి, ఆమెను అడగండి, ఎంత అని. చెప్తే నమ్మండి. ఆమె చేసే పని తీసుకోండి. ఆమెను పంపించేసి ఇంకొకరి చేతులు తెచ్చుకోవద్దండి. నా కోడలు పద్నాలుగు దినాలని పోయింది, పదిహేనో దినం వచ్చింది. మా అక్క అక్కయమ్మ నెల దినాలని పోయింది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, శివరాత్రి అయిన మూడో నాడు. తిరిగి రాలేదు."