సున్నా మీద పెట్టను

మా చర్చి పెద్ద సీఫస్ డీకన్‌కి శుభ్రం పిచ్చి. చర్చి వార్షికోత్సవం వస్తోందంటే చాలు, ఆ మనిషి చేతికి గుడ్డ వస్తుంది. బల్లలు తుడుస్తాడు, ఫ్యాను రెక్కలు తుడుస్తాడు, కదలకుండా కూర్చుంటే మనల్ని కూడా తుడిచేస్తాడు. తుడుచుకోనీ, నాకేం పోయింది? కానీ ఈ ఏడు నా గిటారు శబ్దం పెంచే ఆంప్ పెట్టె జోలికి వచ్చాడు. అక్కడే వచ్చింది తంటా.

నేను వెర్లీన్ టిబ్స్‌ని. ఫ్లోరిడాలో, గాలి ఎటు తిరిగినా కాగితం మిల్లు వాసన కొట్టే మా ఊరి హోలీనెస్ చర్చిలో స్టీల్ గిటారు వాయిస్తాను. మెడకు తగిలించుకునేది కాదు, ఒళ్లో పడుకోబెట్టుకుని తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించేది. మా చర్చిలో పియానో లేదు, ఆర్గాన్ లేదు. దేవుడి ముందు ఏడ్చినా ఎగిరినా స్టీలుతోనే. ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతుంటే ఒక్కో మాటకీ స్టీలు జవాబిస్తుంది. "మంచాన పడ్డాను" అంటే మూలుగుతుంది. "లేపాడయ్యా నన్ను" అంటే పైకి లేస్తుంది. ఆ కుర్చీ నాకంటే ముందు మా అన్న డెల్మర్‌ది. అన్న పోయాక, ఆ కుర్చీలో ఆడమనిషా అని నసిగినవాళ్లున్నారు. నేను వెళ్లి కూర్చున్నాను. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

వార్షికోత్సవానికి తుడవడాలు అయిన తర్వాతి ఆదివారం ఆంప్ ఆన్ చేశానో లేదో, గుయ్యిమని మోత. సరే, ఓర్చుకుని వాయిస్తున్నాను. జనం లేచి చెక్క నేల అదిరేలా కాళ్లు తాటించే చోటికి వచ్చేసరికి ఆంప్ కుక్కలాగా ఊళ ఎత్తుకుంది. నేను తీగల మీద చెయ్యి పెట్టి నొక్కేసినా ఆగదే! పిల్లలు చెవులు మూసుకున్నారు. పాస్టరమ్మ ఐడెల్లాగారు ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి నావైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతి ఆదివారమూ అదే తంతు.

ఇంకేముంది, సీఫస్‌కి పండగ. జాక్సన్‌విల్‌లో ఎవరో తెలిసినవాళ్ల షాపు నుంచి ఓ కీబోర్డు తెచ్చి, మెత్తటి దళసరి తొడుగులో చుట్టి నా కుర్చీ పక్కనే నిలబెట్టాడు. వార్షికోత్సవానికి బిషప్‌గారు వచ్చే ఆదివారం వస్తున్నారు. ఆయన ముందు ఆంప్ మళ్లీ ఏడిస్తే స్టీలు శాశ్వతంగా పక్కకు, కీబోర్డు లోపలికి. పెద్దలంతా కూర్చుని అలా తేల్చేశారు. నన్ను పిలవనైనా లేదు.

శనివారం మధ్యాహ్నం పనిముట్ల సంచీ వేసుకుని చర్చికి వెళ్లాను. లోపల సీఫస్ గుమ్మాలకు రిబ్బన్లు కడుతున్నాడు. పాస్టరమ్మ పూలు సర్దుతోంది.

"ఏంటి చెల్లెమ్మా, ముసలిదానికి వైద్యమా?" అన్నాడు సీఫస్ నిచ్చెన మీద నుంచి.

"ఏ ముసలిదానికి అన్నా? ఆంప్‌కా, నాకా?"

"ఇద్దరికీ వయసొచ్చింది కదా. గొంతు పోవడం సహజం."

"నా గొంతు నీకు రేపు వినపడుతుందిలే. ముందు నిచ్చెన గట్టిగా పట్టుకో, పడితే నీ నడుం కూడా ముసలిదే."

పాస్టరమ్మ పూల వెనక నవ్వు దాచుకుంది. నేను ఆంప్ వెనక పలక విప్పి, ఆన్ చేసి, లోపలి గాజు వాల్వులు ఎర్రబడేదాకా ఆగాను. వచ్చింది, అదే గుయ్యిమనే మోత. ఒక్కో నాబ్ తిప్పి చూశాను. రివర్బ్ నాబ్ సున్నా మీదికి తేగానే మోత టక్కున ఆగిపోయింది. పైకి తిప్పితే మళ్లీ మొదలు.

సీఫస్ నిచ్చెన దిగి వచ్చాడు. "ఆగిపోయిందిగా! ఇంకేం, ఆ నాబ్‌ని సున్నా మీద వదిలేసి వాయించుకో."

"అవును తల్లీ," అంది పాస్టరమ్మ. "ఒక్క రేపటికి అలా కానిచ్చెయ్. గొడవుండదు."

రివర్బ్ అంటే ఆంప్ అడుగున ఉండే ఓ రేకు డబ్బా, అందులో సన్నటి స్ప్రింగులు. వాయించిన స్వరం ఒక కొసన ఆ స్ప్రింగుల్లో పడి, ఊగి ఊగి రెండో కొసన తేలి స్పీకర్‌కి వస్తుంది. అందుకే కడ్డీ ఎత్తేశాక కూడా స్వరం గాల్లో కాసేపు నిలుస్తుంది. ఆ నిలవడం లేకపోతే స్టీలు ఏడవలేదు, నవ్వలేదు. పొడిగా ఒక మాట అనేసి నోరు మూసుకుంటుంది. సాక్ష్యం చెప్పే మనిషికి అలాంటి జవాబు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం మేలు.

"సున్నా మీద పెట్టను," అన్నాను.

"మొండిదానివి," అన్నాడు సీఫస్.

"అవును, మొండిదాన్నే. పెట్టను. రేపు దీన్ని మా అన్న పెట్టిన చోటే పెట్టి వాయిస్తాను. కాదంటే కుర్చీ మీరే తీసుకోండి."

పాస్టరమ్మ నిట్టూర్చి పూల దగ్గరికి వెళ్లిపోయింది. సీఫస్ మాత్రం కదలడే! చేతులు కట్టుకుని వేడుక చూస్తున్నాడు.

ఆంప్ ఆపి, చల్లారనిచ్చి రివర్బ్ వాల్వు మార్చాను. మళ్లీ ఆన్ చేస్తే మోత పోలేదు. డబ్బాకు వెళ్లే తీగలు మార్చాను. అబ్బే. సీఫస్ "ఊఁ, ఊఁ" అంటూ పాట అందుకున్నాడు, ఆంప్ మోతకు సరిగ్గా శ్రుతి కలిపి మరీ. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే డబ్బాకి ఉన్న మరలు విప్పి, తీగలు తగిలి ఉండగానే దాన్ని చేత్తో పట్టుకుని ఇవతలికి లాగాను. మోత తగ్గింది. దగ్గరికి తీసుకెళ్తే పెరిగింది. ఇవతలికి లాగితే తగ్గింది. ఏదో అనుమానం వచ్చి డబ్బాని అటు కొస ఇటు, ఇటు కొస అటు తిప్పాను.

చర్చి మొత్తం నిశ్శబ్దం. రివర్బ్ నిండుగా ఉంది, అయినా మోత లేదు. సీఫస్ పాట ఒక్కటే మిగిలింది. అది కూడా నెమ్మదిగా ఆగింది.

విషయం తేలిపోయింది. ఆంప్‌కి ఒక పక్కన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. డబ్బాలో స్వరాన్ని అందుకునే కొస దానికి దూరంగా ఉండాలి. దగ్గరగా పెడితే స్వరంతో పాటు కరెంటు మోతనూ అందుకుంటుంది. ఎవరో డబ్బాని తిరగేసి బిగించారు.

"సీఫస్ అన్నా, దీన్ని తిప్పిందెవరు?"

"తీగలు చిందరవందరగా ఉంటే సర్దాను. అలా తిప్పితేనే నీటుగా ఉన్నాయి," అన్నాడు, కానీ ఈసారి గొంతులో అంత జోరు లేదు.

"నీటుగానా! నీ నీటు తగలెయ్య!" అన్నాను. పాస్టరమ్మ దగ్గింది. చర్చిలో ఉన్నానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను.

డబ్బాని సరైన దిక్కున పెట్టి మరలు బిగించి గట్టిగా వాయించాను. మోత లేదు కానీ ఊళ మళ్లీ లేచింది. ఈసారి ఆలోచించాల్సిన పని లేకపోయింది. డబ్బా నేరుగా చెక్కకు అతుక్కుని ఉంది. స్పీకర్ అదిరితే చెక్క అదురుతుంది, చెక్క అదిరితే స్ప్రింగులు అదురుతాయి, ఆ అదురే మళ్లీ స్పీకర్లోంచి వస్తుంది. అలా తనని తనే రెచ్చగొట్టుకుంటోంది. మరి ఇన్నేళ్లూ ఊళ ఎందుకు లేదు? డబ్బాకి ఒక సంచీ ఉండేది కాబట్టి. మా అన్న మిల్లులో తొడుక్కునే నీలం ఓవరాల్స్ చిరిగిపోతే, ఆ గుడ్డతో తన చేత్తో కుట్టాడు. అడుగున దళసరి అట్ట, చుట్టూ దూది, పైన జేబు అలాగే ఉంచేశాడు.

"ఇందులో ఒక సంచీ ఉండాలి. ఏది?"

"ఏ సంచీ?"

"నీలం గుడ్డది. జేబుతో."

సీఫస్ రిబ్బను చుట్ట చేతిలో తిప్పాడు. "ఆ మురికి గుడ్డా? చెత్తతో పాటు కాల్చేశాను. దుమ్ము, నూనె, బొద్దింకలు. దేవుడి ఇంట్లో అదేం ఉండటం?"

అన్న బట్టలన్నీ ఆయన చనిపోయిన వారంలోనే పంచేశాం. మిగిలిన ఒకే ఒక్క గుడ్డ అది. నేను పాట వాయించిన ప్రతిసారీ అది అడుగున ఉండేది. ఏడుపొచ్చింది. కానీ సీఫస్ ముందు ఏడవడమా? చచ్చినా ఏడవను.

సంచీలోంచి కత్తెర తీశాను. నేరుగా కీబోర్డు దగ్గరికి వెళ్లి ఆ మెత్తటి తొడుగు లాగి, పరక్కుమని మధ్యకి కోశాను.

"ఏయ్! ఏయ్! అది షాపువాళ్లదే!"

"అయితే వాళ్లనే వచ్చి అడగమను."

"పాస్టరమ్మగారూ, చూస్తున్నారా?"

"నేను పూలు సర్దుతున్నాను డీకన్," అంది పాస్టరమ్మ, అటు తిరగకుండానే.

తొడుగు ముక్కని డబ్బాకి సరిపడా కుట్టాను. బల్ల మీదున్న అట్ట విసనకర్ర ఒకటి తీసి పిడి విరిచి అడుగున దూర్చాను. అన్నీ బిగించి, రివర్బ్ పెంచి, నేల అదిరేలా కాలు తాటించి వాయించాను. ఊళ లేదు, మోత లేదు.

ఆదివారం బిషప్‌గారు ముందు వరసలో కూర్చున్నారు. స్విచ్ వేశాక ఆంప్ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆయన వంగి "అది ఆన్‌లోనే ఉందా అమ్మా?" అని అడిగారు. "చూస్తూ ఉండండయ్యా," అన్నాను.

మొదటి పాటకే జనం లేచారు. నేల దడదడలాడింది, స్టీలు మాత్రం స్వచ్ఛంగా మోగింది. తర్వాత సాక్ష్యాలు. ఒకామె కొడుకు జైలు నుంచి వచ్చాడంది, జవాబిచ్చాను. ఒకాయన కాలు నయమైందన్నాడు, జవాబిచ్చాను. అప్పుడు సీఫస్ లేచాడు, గంజి పెట్టిన చొక్కాలో.

"ఈ మందిరంలో ప్రతి వస్తువునీ నా చేతులతో శుభ్రం చేశాను!" అన్నాడు, నావైపు కొంచెం తల తిప్పి, జవాబు కోసం.

కడ్డీ ఎత్తేశాను.

"దేవుడి ఇంటికి తగనివన్నీ తీసి పారేశాను!"

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. జనం నావైపు చూస్తున్నారు. మా చర్చిలో స్టీలు జవాబివ్వని సాక్ష్యం ఎవరూ ఎరగరు. విసనకర్రలు కూడా ఆగాయి. సున్నా మీద పెడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా డీకన్, అనుకున్నాను.

సీఫస్ నుదుటిన చెమట పట్టింది. కూర్చోబోయాడు, కూర్చోలేకపోయాడు.

"కాల్చకూడనిది ఒకటి కాల్చాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మురికిదని అబద్ధం చెప్పాను. ఆ జేబు నాకు తెలుసు. నేనూ డెల్మరూ మిల్లులో ఒకే షిఫ్టు. నా సిగరెట్లు ఆ జేబులోనే దాచేవాడు, మా ఆవిడకి దొరక్కుండా. వాడు పోయాక ఆ స్టీలు మోగితే వాడే వచ్చి కూర్చున్నట్టుండేది. వినలేకపోయాను. దాన్ని ఇక్కడి నుంచి పంపేద్దామనుకున్నాను."

తెలిసే కాల్చాడు! లేచి ఆ గంజి చొక్కా పట్టుకుని కడిగేద్దామనిపించింది. కానీ నా చెయ్యి అప్పటికే కడ్డీ మీదుంది. రివర్బ్ ఇంకాస్త పెంచి, అన్న ఎప్పుడూ మొదలుపెట్టే కింది తీగ మీంచి పైదాకా నెమ్మదిగా జార్చాను. క్షమించానని కాదు. అబద్ధానికి జవాబివ్వలేదు, నిజానికి ఇచ్చాను, అంతే. కడ్డీ తీసేశాక కూడా స్వరం అలాగే నిలిచింది. అది పూర్తిగా పోయేదాకా సీఫస్ నిలబడే ఉన్నాడు, చెమటో కన్నీళ్లో తుడుచుకోకుండా. ఆ మనిషి ఏదైనా తుడవకుండా వదిలేయడం నేను చూడటం అదే మొదలు.

ఆరాధన అయ్యాక కీబోర్డు చంకన పెట్టుకుని నా కుర్చీ దగ్గర ఆగాడు.

"దీన్ని తిరిగి పంపేస్తున్నాను చెల్లెమ్మా. తొడుగేదని వాళ్లడిగితే ఏం చెప్పను?"

"మా అన్న ఓవరాల్స్ ఏవని నేనడిగానని చెప్పు," అన్నాను.