కొంగ కళ్ళు కుట్టిన సూది

నేను ఒక సూదిని. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని కాను, డాక్టర్ల చేతిలో సూదిని అసలే కాను. కిరాణా కొట్లో చిల్లర లేదంటూ చేతిలో పెట్టేసే మామూలు కుట్టుసూదిని. ఇంత చిన్నదానికి అంత కోపమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. మీ చొక్కా గుండీలూ మీ పిల్లల గౌన్లూ కుడుతూ బతికినంత కాలం నేనూ మీ గురించి మంచిగానే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను, వినండి.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో నన్ను తీగగా సాగదీశారు. తుంచారు. ఒక కొసను సానబట్టి, రెండో కొసకు బెజ్జం కొట్టి, మెరుగు పెట్టి, తోటి సూదులతో కలిపి నల్లకాగితంలో చుట్టారు. పొడవడమే నా పని అని నాకు మొదటి రోజే తెలుసు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గుడ్డను పొడిస్తే గుడ్డ అతుక్కుంటుంది, చిరుగు పోతుంది, ఒకరికి ఒళ్ళు కప్పుకోవడానికి పనికొస్తుంది. లోకంలో ఇంతకంటే మర్యాదైన పని ఎంతమందికి దొరుకుతుంది?

నల్లకాగితం విప్పింది నాంచారమ్మ. కొల్లేటి ఒడ్డున మొగలిలంక అనే ఊళ్ళో ఆమె ఇల్లు. పగలంతా రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసి, సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆమె వేళ్ళకు రొయ్యల వాసన పోయేది కాదు గానీ, ఆమె వేసే కుట్టు చూస్తే ముచ్చటేసేది. చిన్నచిన్న కుట్లు, వంకర పోకుండా. పని అయిపోగానే నన్ను దారంతో సహా గోడ మీది క్యాలెండరుకు గుచ్చేది. అక్కడ నుంచి ఇల్లంతా చూసేదాన్ని. ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా కోపం లేదు.

ఆమె మొగుడు సింహాద్రి చేపల చెరువుకు కాపలాదారు. చేపపిల్లల్ని తినిపోతున్నాయని పిట్టల్ని అదిలించడం అతని ఉద్యోగం. డబ్బా కొట్టేవాడు, టపాకాయలు పేల్చేవాడు. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు హైవే పక్క హోటలువాడు వచ్చి, ఊరికే తోలేసే బదులు పట్టి ఇస్తే ఇద్దరికీ లాభమని చెవిలో ఊదాడు. ఆ మర్నాడే సింహాద్రి క్యాలెండరు దగ్గరికి వచ్చి నన్ను పీకాడు.

"అది బట్టల సూది. దేనికి తీశావ్?" అంది నాంచారమ్మ.

"పనుండి తీశానే. ఇచ్చేత్తాలే."

ఆ పని ఏమిటో నాకు పెరట్లో తెలిసింది. బుట్ట కింద ఒక తెల్లకొంగ ఉంది. అతను దాన్ని బయటికి తీసి రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ముక్కుకు పురికొస చుట్టాడు. దారం కొసను నోట్లో తడిపి నా బెజ్జంలోకి ఎక్కించాడు. తర్వాత కొంగ కింది కనురెప్పను రెండు వేళ్ళతో పట్టుకుని నన్ను దాంట్లోంచి దించాడు.

గుడ్డకూ రెప్పకూ తేడా నాకు అప్పుడే తెలిసింది. గుడ్డ వెచ్చగా ఉండదు. గుడ్డ వణకదు. దారాన్ని తలమీదుగా తెచ్చి రెండో కంటి రెప్పకూ నన్ను దించి, రెప్పలు రెండూ పైకి లాగి కళ్ళు మూసుకుపోయేలా నడినెత్తిన ముడి వేశాడు. కొంగ అరవలేదు. అరవడానికి ముక్కు కట్టేసి ఉంది. దాని గుండె కొట్టుకోవడం మాత్రం దారం వెంబడి నాదాకా వచ్చింది.

"చూపుంటే రెక్కలు కొట్టుకుని బెదిరిపోతాదే. కళ్ళు మూసేత్తే బుద్ధిగా నిలబడతాది," అని పెళ్ళానికి పాఠం చెప్పాడు. బుద్ధి! ఒకరి కళ్ళు కుట్టేసి, కదలకపోతే దానికి బుద్ధి అని పేరు పెట్టగలిగింది లోకంలో మనిషి ఒక్కడే.

ఆ తర్వాత అతను నన్ను తిరిగి క్యాలెండరుకు గుచ్చబోతే నాంచారమ్మ ఊరుకోలేదు. "దాంతో నా పిల్లదాని గౌను కుట్టనా? నువ్వే ఉంచుకో," అని కొట్టుకు వెళ్ళి ఇంకో సూది తెచ్చుకుంది. ఆమెను మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఈనాటికీ తెలియదు. నాతో తన పిల్లదాని గౌను కుట్టనంది గానీ, ఇంకొకరి కళ్ళు కుట్టొద్దని అనలేదు.

అప్పటి నుంచి నేను సింహాద్రి పొగాకు సంచిలో ఉండేదాన్ని. పద్ధతి చెబుతాను, మీకూ తెలియాలి. చేపలు పట్టేశాక చెరువు ఎండగడతారు. ఆ బురదలో మిగిలిన పురుగూ చేపపరకా కోసం కొంగలు వస్తాయి. అక్కడ కళ్ళు కుట్టిన కొంగల్ని మేకులు దిగ్గొట్టి కాళ్ళకు తాడు వేసి నిలబెడతారు. పైనుంచి ఎగిరిపోయే గుంపుకు తమవాళ్ళు నిశ్చింతగా నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. తమవాళ్ళున్న చోట భయం ఉండదని వాటి నమ్మకం. దిగుతాయి. అటూ ఇటూ పరిచిపెట్టిన వలను సింహాద్రి దూరం నుంచి తాడు పట్టి లాగుతాడు, వల రెండు తలుపుల్లా మూసుకుంటుంది. మెడలు అక్కడే విరిచేస్తారు. ఈకలు పీకి, తలలూ కాళ్ళూ తీసి పారేస్తారు, ఏ పిట్టో ఎవరూ చెప్పలేకుండా.

తినేది ఎవరనుకున్నారు? ఆకలితో ఉన్నవాళ్ళు అనుకుంటే పొరపాటు. హోటలు వెనక షెడ్డుకు కార్లలో వచ్చేవాళ్ళు. కొంగ మాంసం తింటే ఆయాసం తగ్గుతుందని ఒకాయన, నడుంనొప్పి పోతుందని ఇంకొకాయన. మందు పక్కన పెట్టుకుని, వేపుడు బాగా కుదిరిందని లొట్టలు వేసుకుంటూ, దేశంలో చట్టం లేకుండా పోయిందని బాధపడేవాళ్ళు. సింహాద్రి నన్ను పొగాకు సంచిలో పెట్టుకుని ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉండగా ఈ మాటలు నా బెజ్జంతో విన్నాను. ఒక్కడి నాలుకకైనా గుచ్చుకోవాలని ఎంత అనిపించిందో!

ఎవరో ఫోను చేశారు. ఒక ఉదయం ఫారెస్టువాళ్ళు చెరువు గట్టు మీదికి వచ్చారు. ముందు నడుస్తున్నది బీట్ ఆఫీసరు జోజిబాబు. ఖాకీ చొక్కా, బురద బూట్లు, మనిషి కాస్త నెమ్మది. వల దొరికింది. మేకులు దొరికాయి. ఈకలు పీకిన పిట్టల సంచి దొరికింది. కట్టేసిన కొంగల్లో ఒకటి మాత్రం బతికి ఉంది. సింహాద్రి మొలలోని పొగాకు సంచి తీస్తే నేనూ దొరికాను.

"ఇదేంటి?" అన్నాడు జోజిబాబు.

"సూదండి."

"సూదని కనపడతంది. దేనికి?"

"చొక్కా గుండీ ఊడిపోతే కుట్టుకుందామనండి."

సింహాద్రి ఒంటిమీద చొక్కా లేదు. గట్టు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాకూ సంతోషం వేసింది. ఇన్నాళ్ళకు నా గోడు చెప్పుకునే చోటికి వెళ్తున్నాననుకున్నాను. ఊరి పెద్దలిద్దరిని పిలిచి, వాళ్ళ ఎదుట పంచనామా రాసి, వల, మేకులు, దారపు ఉండ, సూది ఒకటి అంటూ సంతకాలు పెట్టించారు. అన్నిటినీ గుడ్డసంచిలో వేశారు. నన్నూ వేశారు. ఇక సంచి మూతి కుట్టి, లక్క కరిగించి సీలు వెయ్యాలి. అదీ వాళ్ళ పద్ధతి.

"సూది తేవడం మర్చిపోయానండి," అన్నాడు వెంట వచ్చిన ఫారెస్టు వాచరు.

ఎండ మండుతోంది. సంతకాలు పెట్టిన పెద్దలు ఇళ్ళకు పోవాలని తొందరపడుతున్నారు. జోజిబాబు చుట్టూ చూసి, "లోపల ఒకటుందిగా, ఇలా తే," అన్నాడు.

నన్ను సంచిలోంచి తీశారు. నాతోనే సంచి మూతి కుట్టారు. లక్క పోసి ముద్ర గుద్దారు. మూతి కుట్టేశాక లోపలికి దారి ఏది? పని అయ్యాక దర్జీలు చేసినట్టే, జోజిబాబు నన్ను తన చొక్కా కాలరు లోపలి మడతలో గుచ్చుకుని నా సంగతి మర్చిపోయాడు. నేను సంచిలో ఉన్నట్టు సంతకాలున్నాయి, నేను కాలరులో ఉన్నాను. ఇంత తెలివితక్కువ పని చెయ్యాలంటే కనీసం ముగ్గురు బాధ్యత గల మనుషులు కావాలి.

జోజిబాబు చెడ్డవాడు కాదు. ఆ కొంగను పశువుల డాక్టరు హైమవతి గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఫోటోలు తీసి, చిన్న కత్తెరతో దారం కోసి, చీము తుడిచి, చుక్కలు వేసింది. ఒక కన్ను తేరుకుంది. రెండోది పాలగాజులా తెల్లబడిపోయింది. కొంగను ఆఫీసు వెనక తీగల గదిలో ఉంచి, జోజిబాబు తన చేత్తో చేపలు వేసి సాకాడు. "ఏమే, తిన్నావా?" అని పలకరించేవాడు. అతను వంగినప్పుడల్లా నేను ఆ కొంగకు దగ్గరగా వెళ్ళేదాన్ని. అది ఒంటికన్నుతో మా వైపు చూసేది. ఆ చూపుకు న్యాయం జరగాలి, అంతే. నాకు వేరే కోరిక లేదు. చొక్కా ఉతికారు, ఇస్త్రీ చేశారు, నాకు తుప్పు పట్టింది గానీ నేను ఆ మడతలోంచి కదల్లేదు.

కోర్టు రోజు వచ్చింది. సింహాద్రి తరఫున మాట్లాడే లాయరును హోటలువాడు పెట్టాడు. ఆ హోటలువాడు ముద్దాయి కాదు, తిన్నవాళ్ళు ముద్దాయిలు కారు, వాళ్ళ పేర్లు కూడా ఎవరూ ఎత్తలేదు. ఈకలు లేని పిట్టలు నాటుకోళ్ళు అన్నాడు లాయరు. తల చూపించండి, కాలు చూపించండి అన్నాడు. వల చేపలది అన్నాడు. కొంగను బోనులో పెట్టి తెచ్చారు. దాని బాగున్న కంటి వైపు వంగి, "కళ్ళు కుట్టారంటున్నారు, ఇది శుభ్రంగా నన్ను చూస్తోంది కదండీ!" అన్నాడు. కోర్టంతా నవ్వింది. ఫోటోలు చూపిస్తే, "కొంగలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇది ఆ కొంగేనని ఎవరు చెప్పగలరు?" అన్నాడు.

నేను చెప్పగలను! నాకు ఆ రెప్ప తెలుసు, ఆ గుండె తెలుసు. మీ కోర్టులో బల్లకు జానెడు దూరంలో ఉన్నాను, కాలరు తిప్పి చూడండయ్యా అని ఎంత గింజుకున్నానో నాకే తెలుసు.

సీలు పగలగొట్టి సంచి విప్పారు. వల వచ్చింది. మేకులు వచ్చాయి. దారపు ఉండ వచ్చింది. లాయరు సంచిని తిరగేసి దులిపాడు. "సూది ఏదండీ? కళ్ళు కుట్టిన సూది?"

సాక్షి బోనులో నిలబడ్డ జోజిబాబు నుదురు తుడుచుకుని, మెడ సవరించుకోబోయాడు. వేలు నాకు తగిలింది. అక్కడే ఆగిపోయింది. అతనికి అంతా గుర్తుకొచ్చిందని ఆ వేలు చల్లబడడంతోనే నాకు అర్థమైంది. ఒక్క మాట చాలు. కానీ సీలు వేయాల్సిన సొత్తును బయట వాడుకున్నానని చెబితే ఉద్యోగం మీదికి వస్తుంది. చెయ్యి మెల్లగా కిందికి దించాడు.

"తెలియదండి," అన్నాడు.

చేపలు వేసి పెంచిన చెయ్యే అది. "ఏమే, తిన్నావా" అని అడిగిన నోరే అది. దుర్మార్గుడి మీద కోపం ఒకరకం, వాడు అంతే అని సరిపెట్టుకోవచ్చు. మంచివాడు సమయానికి నోరు మూసుకుంటే వచ్చే కోపం ఎక్కడా చల్లారదు. నాకు ఇంకా చల్లారలేదు.

సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. పక్షిని దాని చోట వదిలిపెట్టమన్నారు. జోజిబాబు వారం తిరగకముందే బోనును బండి మీద పెట్టుకుని మొగలిలంక గట్టు మీదికి వచ్చాడు. నన్ను తీసి పారెయ్యలేదు. పారెయ్యడానికి ధైర్యం చాలలేదో, నన్ను ముట్టుకోవడానికి చాలలేదో తెలియదు. బోను తలుపు తీసి, "పో తల్లీ," అన్నాడు.

కొంగ కాసేపు నిలబడి రెక్కలు దులుపుకుంది. ఎగిరింది. ఇన్ని నెలలు ఒంటరిగా ఉన్న పిట్ట, ఒక్క కన్నుతో తనవాళ్ళ కోసం వెతుక్కుంటూ నీళ్ళ మీదుగా ఒక చుట్టు తిరిగింది. అవతల ఎండగట్టిన చెరువులో నాలుగైదు తెల్లకొంగలు నిలబడి ఉన్నాయి. కదలకుండా, బుద్ధిగా.

జోజిబాబుకు ఒక క్షణం పట్టింది. తర్వాత అరుచుకుంటూ బూట్లతోనే బురదలోకి దిగి పరిగెత్తాడు. "పో! పో! దిగకే!" అని చేతులు ఊపాడు. ఆ చేతుల్నే నమ్మి చేపలు తిన్న పిట్ట అది, వాటికి ఎందుకు బెదురుతుంది? దిగింది. వల మూసుకుంది.

అతను వెళ్ళి వల ఎత్తేసరికి మెడ తాడు కింద నలిగిపోయి ఉంది. బాగున్న కన్ను తెరిచే ఉంది. జోజిబాబు మోకాళ్ళ లోతు బురదలో దాన్ని చేతుల్లోకి తీసుకుని నిలబడ్డాడు. గట్టు చాటు నుంచి తాడు కొస పట్టుకుని సింహాద్రి లేచాడు. పారిపోలేదు. అతని మొహంలో భయం కూడా లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది.

"ఇదేంటండీ అయ్యగారూ, మళ్ళీ వచ్చారు? జడ్జీగారు పర్లేదన్నారు కదండీ. కేసు కొట్టేశారు కదండీ!"

వెటకారం కాదు. అతను నిజంగానే అలా అనుకున్నాడు. కోర్టు తనను వదిలేసిందంటే పట్టుకోవచ్చని చెప్పినట్టే కదా అని అతని లెక్క. కాదని చెప్పాల్సిన మనిషి ఎదురుగా చచ్చిన కొంగను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

జోజిబాబు చెయ్యి ఒకటి కాలరు మీదికి వచ్చింది. గుడ్డ పైనుంచే నన్ను తడిమాడు. నాకు నోరు లేదు, చట్టం లేదు, ఉన్నదల్లా ఒక మొన. తుప్పు పట్టినా సరే, ఉన్న కోపమంతా కూడదీసుకుని ఆ వేలికి గట్టిగా గుచ్చుకున్నాను.